13 మిల్లీమీటర్ల సందేహం

హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ చేసే మా బృందానికి ఈసారి శిక్షణ శిబిరానికి ముందు కొత్త షరతు ఒకటి పెట్టారు. అందరూ ఈసీజీ తీయించుకుని రావాలి. అంతకు ముందు మా వైద్య పరీక్ష అంటే బరువు, ఎత్తు, బీపీ చూడటం, "ఏమైనా జబ్బులు ఉన్నాయా?" అన్న ప్రశ్నకు ఎదురుగా అందరం ఒకేలా "లేవు" అని రాసి సంతకం పెట్టడం. దాని మీద డాక్టరుగారి ముద్ర పడితే పని అయిపోయినట్టే. ఈసీజీ కూడా ఆ దొంతరలో చేరే ఇంకో కాగితమే అనుకున్నాం.

ఉదయం సాధన ముగించుకుని దగ్గరలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లాను. ఛాతీకి బిళ్లలు సరిగ్గా అంటుకోవడం లేదని టెక్నీషియన్ రెండు చోట్ల వెంట్రుకలు గీసేశాడు. కాగితం బయటికి వచ్చాక దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీకు కళ్లు తిరుగుతుంటాయా?" అని అడిగాడు. నాడి నిమిషానికి 44. ఈసీజీ అసాధారణంగా ఉందనీ, ఎడమ జఠరిక గోడ మందంగా ఉండవచ్చనీ యంత్రం తనంతట తానే కాగితం పైన అచ్చువేసి పెట్టింది. "పక్క గదిలోనే టూడీ ఎకో ఉంది, అదీ చేయించేయండి" అన్నారు కౌంటర్లో. ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూపించే ఆ స్కాన్ కూడా చేయించాను. రెండు జఠరికల మధ్య గోడ మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి కాదని నిర్ధారించుకోవాలంటూ రిపోర్టు చివర ఒక వాక్యం రాసిచ్చారు. ఆ వాక్యం కింద సంతకం పెట్టిన డాక్టరుగారు నన్ను చూడనూ లేదు, నేను ఏం చేస్తుంటానో అడగనూ లేదు.

కోచ్ గారు ఆ రిపోర్టును కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివారు. "తేలేదాకా పడవ ఎక్కవద్దు. ఎర్గో కూడా ముట్టుకోవద్దు" అన్నారు. ఎర్గో అంటే ఒడ్డున కూర్చోబెట్టి తెడ్డు వేయించే యంత్రం. వర్షాకాలంలో దాన్ని తిట్టుకోని రోజు లేదు. ఆ క్షణాన మాత్రం అది కూడా నాకు ఇష్టమైన వస్తువే అనిపించింది.

ఆ రాత్రి ఫోనులో చదివిందంతా ఇక్కడ ఏకరువు పెట్టను. నాకు అర్థమైనంతలో విషయం ఇది. ఈ జబ్బులో బీపీ గానీ కవాటాల లోపం గానీ లేకుండానే గుండె గోడ మందమవుతుంది, కండరపు పోగులు తీరూతెన్నూ లేకుండా అల్లుకుపోతాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో మాత్రం గట్టి శ్రమ చేస్తున్నప్పుడు గుండె లయ ఒక్కసారిగా చెదిరిపోతుంది. 2003 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఆట మధ్యలో కుప్పకూలి చనిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయెకు శవపరీక్షలో తేలింది ఇదే. ఆయనకు అప్పుడు 28 ఏళ్లు. పెద్దవాళ్లలో గోడ మందం 12 మిల్లీమీటర్ల వరకు మామూలుగా తీసుకుంటారు, 15, ఆపైన ఉంటే జబ్బు కిందే లెక్క వేస్తారు. నేను ఈ రెంటికీ మధ్యలో చిక్కుకున్నాను.

అమలాపురం దగ్గర మా పల్లెకు కబురు చేరేసరికి అది "అబ్బాయికి గుండె వాచిందట" అయింది. అమ్మ ఫోను చేసి ఏడవలేదు, తిట్టింది. "ఆ కన్నడ హీరో కూడా వ్యాయామం చేసే కదా పోయాడు, నీకెందుకురా ఈ తెడ్లు" అంది. 2021 అక్టోబరులో 46 ఏళ్ల పునీత్ రాజ్‌కుమార్ చనిపోయినప్పటి నుంచి మా ఇంట్లో జిమ్ అన్న మాటే గిట్టదు. నడివయసులో వచ్చేదీ, నాలాంటివాళ్లకు వచ్చేదీ ఒకటి కాదని అమ్మకు చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. సుమారు 35 దాటినవాళ్లు శ్రమ చేస్తూ పడిపోతే ఎక్కువ సందర్భాల్లో కారణం గుండె రక్తనాళాల్లో పూడిక. అంతకన్నా చిన్నవాళ్లలో పుట్టుకతోనో వంశంలోనో వచ్చిన కండరపు లోపాలు, విద్యుత్ లోపాలు, రక్తనాళం ఉండాల్సిన చోట కాక వేరే చోట పుట్టడం, వైరస్ జ్వరం వెనకాల గుండె కండరానికి వచ్చే వాపు లాంటివి ముందు వరుసలో ఉంటాయి. అందుకే కొలెస్ట్రాల్, చక్కెర, థైరాయిడ్ కలిపి పండగ తగ్గింపులో అమ్మే ఫుల్ బాడీ ప్యాకేజీ ఇరవై ఏళ్ల ఆటగాడికి ఈ విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. ఆ ప్యాకేజీ మా సహచరుల్లో సగం మంది చేయించుకుని నిశ్చింతగా ఉన్నారు.

కోచ్ గారే వాకబు చేసి, ఆటగాళ్లను చూసిన అనుభవం ఉన్న ఒక కార్డియాలజిస్టు దగ్గరికి పంపారు. ఫైలు చాపితే ఆయన తీసుకుని పక్కన పెట్టేశారు. ముందు ప్రశ్నలు అడిగారు. శ్రమ చేస్తుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఆపిన తరువాత కాదు, చేస్తుండగా. ఛాతీలో నొప్పి వచ్చిందా? తోటివాళ్ల కంటే ముందే ఆయాసం వస్తుందా? అకారణంగా గుండె దడదడలాడిందా? ఆ తరువాత ఇంటి సంగతులు. యాభై లోపు ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈత బాగా వచ్చి కూడా నీళ్లలో మునిగి పోయినవాళ్లు? మూర్ఛ అని మందులు వాడినవాళ్లు? పుట్టు చెవుడు ఉన్నవాళ్లు? పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు? అమ్మానాన్నలది మేనరికమా?

మేనరికమే. మా అమ్మ నాన్నకు మేనమామ కూతురు. పుట్టు చెవుడు, మేనరికం ఎందుకు అడిగారో తరువాత ఆయనే చెప్పారు. గుండె విద్యుత్తులో వచ్చే ఒక లోపం చెవుడుతో కలిసి వస్తుంది, అది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే బయటపడుతుంది. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో అలా కలిసే అవకాశం ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లు పరుగులోనో ఈతలోనో స్పృహ తప్పితే చాలాసార్లు మూర్ఛ అనుకుంటారు. నన్ను అనుమానించిన జబ్బుకు మాత్రం ఒక్క ప్రతి చాలు. తల్లిదండ్రుల్లో ఎవరికి ఉన్నా పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం.

ఉన్నట్టుండి పోయినవాళ్ల దగ్గర చిక్కు వచ్చింది. మా చిన్న తాతయ్య ముప్పై అయిదు నిండకుండానే కొబ్బరితోటలో పడిపోయి చనిపోయాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. నాన్నను అడిగితే "ఎండదెబ్బ" అన్నాడు. పెద్దమ్మను అడిగితే "గాలి సోకింది" అంది. బాబాయి కొంచెం గొంతు తగ్గించి "తాగేవాడు" అన్నాడు. ఈ మూడింటిలో డాక్టరుగారి ఫారంలో రాయదగినది ఒక్కటీ లేదు. అసలు మన ఊళ్లలో ముప్పయ్యేళ్లలో పోయినవాడి చావుకు ఏదో ఒక కథ సిద్ధంగా ఉంటుంది. శవపరీక్ష జరగదు, కాగితం మిగలదు. ఇప్పుడు ఆ కథలోంచే నా గుండె సంగతి తేల్చుకోవాలి.

చివరికి నాన్న సైకిలు వేసుకుని, నాయనమ్మ చెల్లెలు ఉండే పక్క ఊరికి వెళ్లాడు. ఆవిడకు ఎనభై దాటాయి. నేను ఫోనులో స్పీకరు పెట్టించి అడిగాను. "ఎండదెబ్బ ఏమిటి నాయనా, కాలు మోకాలి దాకా నల్లగా ఉబ్బిపోతే! మంత్రం వేయించారు, దిగలేదు. ఇంట్లో పాము మాట ఎత్తవద్దని మీ ముత్తవ్వ ఒట్టు పెట్టించుకుంది" అంది. పాముకాటుతో పోయిన మనిషిని తలుచుకుని నేను అంత ఊరట పొందానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. డాక్టరుగారు మాత్రం నవ్వకుండా ఆ వివరం రాసుకుని, పక్కన ఒక టిక్కు పెట్టారు.

రెండో ఎకో ఆయనే స్వయంగా చేశారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, చల్లటి జెల్ పూసి, పక్కటెముకల సందుల్లో ప్రోబును ఆన్చి చాలాసేపు వెతికారు. తెర మీద గోడ రెండు అంచులనూ గీతలతో పట్టుకుని, కొలిచి, చెరిపి, మళ్లీ కొలిచారు. మొదటి రిపోర్టులో ఎక్కడ ఎక్కువ వచ్చిందో చూపించారు. కుడి జఠరికలో గోడకు ఆనుకుని ఒక కండరపు పట్టీ ఉంటుంది, దాన్ని కూడా గోడలో కలిపి కొలిచారు. పైగా సొరకాయను ఏటవాలుగా కోస్తే చక్రం వెడల్పుగా వచ్చినట్టు, గీత వంకరగా పడితే మందం పెరిగి కనిపిస్తుంది. ఆయన లెక్కలో 13 వచ్చింది. ఒక్క మిల్లీమీటరు తగ్గింది గానీ అనుమానం అక్కడే ఉంది.

"గోడ ఒక్కటే చూస్తే చాలదు, గది కూడా చూడాలి" అన్నారాయన. జబ్బులో గోడ లోపలికి పెరిగి జఠరిక గది ఇరుకవుతుంది. సాధనతో పెరిగిన గుండెలో గోడతో పాటు గది కూడా పెద్దదవుతుంది. నా గది 58 మిల్లీమీటర్లు, అంటే బాగా విశాలం. గుండె వదులయ్యే వేగం కూడా బాగుంది. నాడి 44 ఉండటం, ఈసీజీలో గీతలు ఎత్తుగా లేవడం రెండూ ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లలో మామూలేనట. ఆయన వెతికింది వేరే. గుండె పక్క గోడను చూపే ఈసీజీ గీతల్లో, ప్రతి కొట్టుకోలు చివర వచ్చే టీ తరంగం తలకిందులు కావడం, దానికి ముందుండే ఎస్టీ గీత కిందికి దిగడం. అవి నా కాగితంలో లేవు. ఆటగాళ్ల ఈసీజీని ఎలా చదవాలో 2017లో అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. నా కాగితం పైన "అసాధారణం" అని అచ్చువేసిన పెట్టెకు మాత్రం నేను ఆటగాడినో ఆఫీసులో కూర్చునేవాడినో తెలియదు కదా!

రోయింగ్ అనగానే ఆయన ముఖం కొంచెం తేటపడింది. 1991లో ఇటలీలో అగ్రశ్రేణి ఆటగాళ్లు 947 మందికి ఎకో చేస్తే 13 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవాళ్లు 16 మందే తేలారట. అందులో 15 మంది రోయింగ్, కెనోయింగ్ చేసేవాళ్లు, మిగిలిన ఒక్కడు సైక్లిస్టు. తెడ్డు వేసేటప్పుడు కాళ్లు, నడుము, చేతులు అన్నీ ఒకేసారి బిగుస్తాయి. రక్తపోటూ పెరుగుతుంది, పంపాల్సిన రక్తమూ పెరుగుతుంది. గుండె రెండు విధాలుగానూ ఎదుగుతుంది. "నువ్వు క్యారమ్స్ ఆడేవాడివైతే నేను ఇప్పుడే భయపడేవాణ్ణి" అన్నారు.

ఆ తరువాతి పరీక్షలు చకచకా జరిగిపోయాయి. టీఎంటీలో, అంటే కదిలే పట్టీ మీద నడిపించి, పరుగెత్తించి చేసే పరీక్షలో, మూడేసి నిమిషాలకు వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. ఆరో అంచెలో నేను దిగుతానంటే గానీ వాళ్లు ఆపలేదు. బీపీ పెరగాల్సినట్టే పెరిగింది. జబ్బు ఉన్న కొందరిలో అది పెరగదు, అదే వాళ్లు చూసేది. ఒక రోజంతా ఛాతీకి తగిలించుకునే హోల్టర్‌లో నిద్రలో నాడి 36కు దిగింది గానీ, భయపడాల్సిన తప్పు లయలు ఏవీ పడలేదు. ఎంఆర్ఐ గొట్టంలో మాత్రం విసుగెత్తింది. "గాలి పీల్చండి, వదలండి, ఆపండి" అని చెవిలో రికార్డు చేసిన గొంతు పదే పదే చెబుతుంటే, బయట దబదబా మోత. మధ్యలో చేతి నరంలోకి గాడోలినియం ఎక్కించారు. గుండె కండరంలో మచ్చలు ఉంటే కాసేపటికి అది అక్కడ నిలిచి తెల్లగా కనిపిస్తుంది. నాకు తెలుపు ఎక్కడా రాలేదు.

జన్యు పరీక్ష గురించి నేనే అడిగాను. ఈ గుండె కండరపు జబ్బుల జన్యువుల్లో ఒకదానిలో 25 అక్షరాలు రాలిపోయిన మార్పు భారతీయుల్లో సుమారు నూటికి నలుగురిలో ఉందని 2009లో బయటపెట్టిన పరిశోధనలో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారని ఎక్కడో చదివాను. డాక్టరుగారు వద్దన్నారు. ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు, ఉందని తేలినా నా గోడ సంగతి తేలదు, లేదని వచ్చినా జబ్బు లేదని రుజువు కాదు. జబ్బు ఖాయమైన మనిషికి ముందు చేసి, ఆ మార్పునే ఇంట్లో మిగతావాళ్లలో వెతకడం సరైన వరుస అన్నారు. దానికి బదులు అమ్మకూ నాన్నకూ ఈసీజీ, ఎకో చేయించమన్నారు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరూ వచ్చారు. అమ్మది అంతా బాగుంది. నాన్న గోడ 12 మిల్లీమీటర్లు. నా గుండె ఒక్కసారి జారింది. డాక్టరుగారు ఎకో పక్కన పెట్టి బీపీ పట్టీ చుట్టారు. 164, 100. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసినా పెద్దగా తగ్గలేదు. జీవితంలో బీపీ చూపించుకోని మనిషి. "నాకేం జబ్బు, పొద్దున్నే పొలం పోయి వస్తాను" అంటూ ఉప్పుచేప మానని మనిషి. ఆ మందం బీపీ వల్ల వచ్చిందేనని డాక్టరుగారి అంచనా. మందులు రాసి, కొన్ని నెలల్లో మళ్లీ ఎకో అన్నారు. నా కోసం పెట్టిన ఖర్చులో అసలు రోగి నాన్నేనని ఇంట్లో ఇప్పటికీ నేను దెప్పుతూనే ఉంటాను.

నాకు రాసిన మందు ఏమీ చేయకుండా ఉండటం. మూడు నెలలు సాధన మానాలి. సాధనతో వచ్చిన మందమైతే మానినప్పుడు తగ్గుతుంది, జబ్బుతో వచ్చినదైతే ఉన్నచోటే ఉంటుంది. నడవవచ్చు, అంతే. జిమ్, పరుగు, సైకిలు, "ఊరికే సరదాగా" ఆడే వాలీబాల్ అన్నీ బంద్. ఇది ఏ పరీక్ష కంటేనూ కష్టం. మొదటి వారం పండగలా ఉంటుంది. తరువాత నిద్ర పట్టదు. ఆకలి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది, కాబట్టి బెల్టు బిగుతవుతుంది. తన్నుకొచ్చే కోపం ఎవరి మీదో తెలియదు. జట్టు వాట్సాప్ గుంపులో తెల్లవారుజామున వచ్చే సమయాల పట్టికను మ్యూట్ చేశాను. అరచేతుల్లో ఏళ్లుగా గట్టిపడ్డ కాయలు పొరలు పొరలుగా ఊడి, కింద లేత చర్మం వచ్చింది. నాడి మెల్లగా 58కి ఎక్కింది. మామూలుగా అయితే బాధపడాల్సిన అంకె. ఆ రోజుల్లో మాత్రం గుండె నా మాట వింటోందని ఆశగా రాసిపెట్టుకునేవాణ్ణి.

గడువు తీరాక అదే డాక్టరుగారు, అదే యంత్రం మీద, పాత బొమ్మలు పక్కన పెట్టుకుని కొలిచారు. గోడ 11. గది 54. "ఇది ఆటగాడి గుండె. పో, తెడ్డు వేసుకో" అన్నారు. వెంటనే పాత స్థాయికి ఎగబాకవద్దనీ, జ్వరం వచ్చినప్పుడు సాధన ముట్టుకోవద్దనీ, శ్రమలో స్పృహ తప్పినా ఛాతీ పట్టేసినా ఆ క్షణమే ఆపి తన దగ్గరికి రావాలనీ చెప్పి, ఏడాదికి ఒకసారి ఎకో రాశారు. అమ్మ మాత్రం "తగ్గిందంటే అంతకు ముందు ఉన్నట్టే కదా" అని ఇంకో వారం సాధించింది.

ఇంత జరిగాక ఈసీజీ షరతు మంచిదా కాదా అని నన్ను చాలామంది అడిగారు. ఇటలీలో 1982 నుంచి పోటీ ఆటలు ఆడేవాళ్లకు ఈసీజీతో కూడిన పరీక్ష చట్టం ప్రకారం తప్పనిసరి. వెనెటో ప్రాంతంలో ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో ఆటగాళ్ల ఆకస్మిక మరణాలు దాదాపు 90 శాతం తగ్గాయని అక్కడి వైద్యులు 2006లో లెక్క చూపించారు. అమెరికాలో ప్రశ్నలు, శరీర పరీక్ష చాలునంటారు, ఎందుకంటే అందరికీ ఈసీజీ తీస్తే నాలాంటి ఉత్త అలారాలు మోగుతాయి. ఒక శిబిరం, మూడు నెలలు, కొంత డబ్బు, ఇంటిల్లిపాది నిద్ర పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఆ వాదనలో పస నాకు తెలుసు. అయినా నేను ఈసీజీ వైపే. కానీ చదివేవాళ్లు లేకుండా తీయడం వైపు కాదు. ఇంత సుదీర్ఘ తంతులో నన్ను నిజంగా హింసించింది మొదటి రోజు ఎవరూ ఏమీ అడగకుండా రాసిచ్చిన ఆ ఒక్క వాక్యమే. "రోజూ తెడ్డు వేస్తాను" అన్న మాట ఆ గదిలో ఎవరి చెవినైనా పడి ఉంటే, పరీక్షలు ఇవే అయినా భయం ఇంత ఉండేది కాదు.

ఎంత బాగా చదివినా అన్నీ దొరకవు. 2021 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో యూరో ఫుట్‌బాల్ పోటీ మధ్యలో గుండె ఆగి పడిపోయిన డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఏళ్లుగా పెద్ద క్లబ్బుల్లో పరీక్షలు చేయించుకున్నవాడే. అతన్ని బతికించింది మైదానంలోనే మొదలైన ఛాతీ నొక్కుళ్లు, పక్కనే ఉన్న షాక్ యంత్రం. అందుకని మేం తిరిగి కలిశాక సీపీఆర్ శిక్షణ పెట్టించుకున్నాం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. బొమ్మ మీద రెండు నిమిషాలకే మా భుజాలు లాగేశాయి, మేం రోయింగ్ చేసేవాళ్లం! మా ఇబ్బంది ఇంకొకటుంది. మాది నీటి మీద ఆట. సన్నటి పడవలో మనిషిని పడుకోబెట్టి నొక్కడానికి చోటే ఉండదు. కోచ్ గారి మోటారు బోటులోకి లాగి, దాని గట్టి అడుగున పడుకోబెట్టాలి, తడి ఛాతీని తుడిచి గానీ షాక్ యంత్రం ప్యాడ్లు అంటించకూడదు. ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్లు తగ్గిపోతుంది, సాగర్ మధ్య నుంచి ఒడ్డుకు రావడానికే ఎన్ని నిమిషాలో మాకు తెలుసు. 108 వచ్చేది ఒడ్డుకే. కాబట్టి యంత్రం బోటులోనే, నీళ్లు చొరని సంచిలో ఉండాలని తీర్మానించాం. ఇప్పుడు బోటులో తువ్వాలు ఉంది, సంచి ఉంది. యంత్రానికి మూడు కొటేషన్లు కావాలన్నారు, రెండు వచ్చాయి.